కాజాల పెద్దమ్మ నాటు టమాటా

నాకు టమాటా అంటే ఇష్టం లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. పచ్చిది అసలే తినను, వండినా ముక్కలు ఏరి పక్కన పెడతాను. అలాంటిదాన్ని నన్ను పట్టుకుని పదేళ్లుగా ప్రతి ఏడూ ఒక ఆదివారం డాబా మీద నిలబెట్టి, టమాటాలు తూయించి, కోయించి, తీర్పు చెప్పమంటున్నారు. తప్పంతా మా పెద్దమ్మది. కొంత లిఫ్టు మావయ్యగారిది కూడా.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. బట్టలు సరిచేసే దుకాణంలో ముప్పై ఒక్క ఏళ్లుగా కౌంటరు వెనక కూర్చుంటోంది. ప్యాంటు పొడవు తగ్గించడం, నడుము వదులు చేయడం, జిప్పు మార్చడం ఎవరైనా చేస్తారు. చేత్తో కాజాలు కుట్టడం మాత్రం ఆ వీధిలో ఆవిడకొక్కదానికే వచ్చు. ఖరీదైన కోటు తెచ్చినవాళ్లు "కాజాల మేడం ఉన్నారా?" అని అడుగుతారు, లేరంటే కోటు మడతపెట్టుకుని వెనక్కి వెళ్లిపోతారు. దాంతో ఇంట్లోనూ కాజాల పెద్దమ్మ అయిపోయింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "కొలతలు కుదరలేదండీ" అంటుంది. ఈ జోకు నేను నలభై సార్లు విని ఉంటాను. ఇప్పటికీ చెప్పి తనే ముందు నవ్వుతుంది.

పార్సిల్ ఆఫీసులో ఉద్యోగం వచ్చినప్పటినుంచి నేను ఆవిడ దగ్గరే ఉంటున్నాను. రోజంతా పార్సిళ్లు తూచే ఉద్యోగం కాబట్టి టమాటాలు తూచే అర్హత నాకుందని ఆవిడా, లిఫ్టు మావయ్యగారూ కలిసి తీర్మానించారు. నన్నడిగితే కదా.

మా ఇల్లు రెండో అంతస్తు. మాకు పైన, మూడో అంతస్తులో, లిఫ్టు మావయ్యగారూ అత్తయ్యగారూ ఉంటారు. పెద్దమ్మ ఆయన్ని అన్నయ్యగారూ అని పిలుస్తుంది కాబట్టి నాకు మావయ్య అయ్యారు, అంతకుమించి చుట్టరికం లేదు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. మా బిల్డింగుకి లిఫ్టు లేదు. నలభై ఏళ్లు ఊళ్లో జనాన్నంతా పైకీ కిందకీ తిప్పిన మనిషి, తను మాత్రం మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కుతారు. ఆ మాట ఎవరైనా అంటే ఆయనకి ఒళ్లు మండుతుంది. అందుకే నెలకోసారి నేను తప్పకుండా అంటాను.

డాబా మీద నీళ్ల ట్యాంకుకి ఇటువైపు పెద్దమ్మ డబ్బాలు ఆరు, అటువైపు మావయ్యగారివి ఆరు. అన్నీ ఇరవై లీటర్ల పాత పెయింటు డబ్బాలే. తేడా అంతా వాటిలో ఉంది. మావయ్యగారివి హైబ్రిడ్. ప్రతి ఏడూ కొత్త ప్యాకెట్ కొంటారు. ప్యాకెట్ మీద బొమ్మలో ఎలా ఉందో పండు కూడా అచ్చం అలాగే కాస్తుంది: నున్నగా, గుండ్రంగా, ఎర్రగా, ఒక్కోటి అరకిలో దాటి. పగుళ్లుండవు, మచ్చలుండవు. మొక్కలు కూడా వరసలో నిలబెట్టిన స్కూలు పిల్లల్లా ఒకే ఎత్తు. ఆయన వాటికి ఊతకర్రలు కట్టి, కర్రకొక నంబరు వేసి, నోటుబుక్కులో ఏ రోజు ఏ మొక్కకి ఎన్ని మగ్గుల నీళ్లు పోశారో రాసుకుంటారు.

పెద్దమ్మవి నాటు. పేరు కూడా లేదు దానికి. అమ్మమ్మ పెంచిన టమాటా అంతే. అమ్మమ్మ పోయే ముందు ఇద్దరు కూతుళ్లకీ చెరొకటి ఇచ్చింది. మా అమ్మకి కుట్టుమిషను, పెద్దమ్మకి ఒక కాగితం పొట్లంలో టమాటా విత్తనాలు. కుట్టుమిషను తీసుకున్న మా అమ్మకి ఈనాటికీ సూదిలో దారం ఎక్కించడం రాదు. విత్తనాలు తీసుకున్న పెద్దమ్మ దర్జీ అయింది. మా అమ్మమ్మ లెక్క ఎక్కడో తప్పిందని మేమందరం అనుకుంటాం.

ఆ నాటు టమాటా చూడ్డానికి ఏం బాగుండదు, నిజం చెప్పాలంటే. నొక్కులు నొక్కులుగా, మెడ దగ్గర పచ్చగా, అడుగున బొడ్డు దగ్గర పగిలి, ఎవరో మీద కూర్చుని లేచినట్టుంటుంది. ఒక మొక్కకి మూడు కాస్తే, ఇంకో మొక్కకి తొమ్మిది కాస్తుంది. కోస్తే మాత్రం లోపలంతా గుజ్జే. నీళ్లూ ఖాళీ గదులూ ఉండవు. తిన్నవాళ్లు ఇంకో ముక్క కోసం చూస్తారు. నాకు తెలియదు, నేను తినను కాబట్టి. వాళ్ల మొహాలు చూసి చెబుతున్నాను.

పెద్దమ్మకి చేతికి ఎముక లేదు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇచ్చేస్తుంది. నా గొడుగులు మూడు అలాగే పోయాయి. కానీ ఆ టమాటా విత్తనం దగ్గరికి వచ్చేసరికి పిల్లికి కూడా బిచ్చం పెట్టదు. పండు ఎవరికైనా ఇవ్వాలంటే కోసి, గింజలు తీసేసి ముక్కలు ఇస్తుంది. ప్రతి మొక్కకీ రెండో గుత్తిలో మంచి పండు చూసి కాడకి ఎర్రదారం కడుతుంది. అది విత్తనం పండు, దాన్ని ముట్టుకుంటే ఇంట్లో యుద్ధమే. బాగా మెత్తబడేదాకా చెట్టునే ఉంచి, గుజ్జు గ్లాసులో తీసి, నీళ్లు పోసి మూడు రోజులు పులియబెడుతుంది. ఆ మూడు రోజులూ వంటింట్లో వాసన నేను భరించాలి. తర్వాత కడిగి, పింగాణీ ప్లేటులో ఆరబెట్టి, పొట్లం కడుతుంది. మళ్లీ ఏడాది పొట్లం మొత్తం నారు పోస్తుంది. యాభై మొలకలొస్తాయి. ఆరు మంచివి డబ్బాల్లోకి పోతాయి. మిగతావి పీకేస్తుంది.

"పీకడమెందుకు పెద్దమ్మా, ఎవరికైనా ఇవ్వొచ్చుగా?" అని అడిగాను ఒకసారి.

"ఇస్తే వాళ్లు సరిగ్గా చూడరు. నాలుగు రోజులు నీళ్లు పోసి మర్చిపోతారు. మా అమ్మ మొక్క ఎవరి బాల్కనీలోనో ఎండిపోవడం నేను చూడలేను."

"పీకితే చూడగలవా?"

"నీకు పార్సిళ్ల సంగతి తప్ప ఏం తెలుసు? పో."

ఇక తూకం ఆదివారం సంగతి. ఎవరి పండు గొప్పదని పదేళ్ల కిందట మెట్ల మీద మొదలైన వాదన, ఆ తర్వాత ఒక పద్ధతిలో పడింది. పోటీలో మూడు అంశాలు. మొదటిది తూకం, అది త్రాసు చెబుతుంది. రెండోది కోత, అంటే కోస్తే లోపల గుజ్జెంత, నీళ్లెంత అని. అది నేను చూసి చెప్పాలి. మూడోది రుచి. అది చెప్పేది మావయ్యగారి భార్య, మా అత్తయ్యగారు. ఆవిడ పళ్ల డాక్టరు క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర పనిచేస్తారు. తక్కువ మాట్లాడతారు. రెండు ముక్కలూ ఉప్పు లేకుండా తిని, కళ్లు మూసుకుని, కాసేపాగి, ప్రతి ఏడూ ఒకే మాట చెబుతారు: "మావారిదే బాగుంది."

అప్పుడు పెద్దమ్మ నా వైపు చూస్తుంది. నేను ఆకాశం వైపు చూస్తాను. తూకం మావయ్యగారికి, కోత పెద్దమ్మకి, రుచి మావయ్యగారికి. తొమ్మిదేళ్లలో ఏడుసార్లు ఇదే. మిగతా రెండుసార్లూ ఎలుకల వల్ల పోటీ జరగలేదు.

"కట్టుకున్నవాడి పండు కాబట్టి అలా చెబుతోందే ఆవిడ," అని పెద్దమ్మ కిందకి వచ్చాక సణుగుతుంది. "నాలుక మీద ఒట్టేసి చెప్పమను."

పోయినేడు పెద్దమ్మకి కుడికంట్లో శుక్లం ముదిరింది. సూదిలో దారం ఎక్కించలేకపోయిన రోజున ఆవిడే ఆపరేషన్‌కి ఒప్పుకుంది. ఆపరేషన్ అరగంటలో అయిపోయింది గానీ, నాలుగు వారాలు వంగకూడదు, బరువెత్తకూడదు, దుమ్ములోకి వెళ్లకూడదు అన్నారు డాక్టరు. అంటే డాబా ఎక్కకూడదు. సరిగ్గా మొక్కలు పూతకొచ్చిన సమయం. పైగా ఎండలు ముదిరి, వచ్చిన పూలు వచ్చినట్టు రాలిపోతున్నాయి.

"నేనున్నాను కదా చెల్లెమ్మా," అన్నారు మావయ్యగారు. "నా మొక్కలకంటే ముందు నీ మొక్కలు చూస్తాను."

చూశారు కూడా. అందులో ఆయన్ని ఒక్క మాట అనడానికి లేదు. కళ్లలో ఒత్తులు వేసుకుని చూశారు. పాత దుప్పటి కట్టి నీడ చేశారు. పెద్దమ్మ మొక్కలకి కూడా నంబర్లు వేసి నోటుబుక్కులో ఎక్కించారు. రోజూ తొమ్మిదింటికి మా ఇంటికొచ్చి, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్న పెద్దమ్మకి వార్తలు చదివినట్టు చదివేవారు. "రెండో నంబరు, నాలుగు పిందెలు. ఐదో నంబరు, మూడు. ఆకుల మీద పురుగు లేదు." పూత రాలడం ఆగి అన్నీ పిందె పట్టాయని విన్న రోజున పెద్దమ్మ ఆయనకి రెండోసారి కాఫీ ఇప్పించింది. ఇచ్చింది నేను.

"ఏం మంత్రం వేశారు అన్నయ్యగారూ?"

"తూకం ఆదివారం చెబుతాను," అని గీరగా నవ్వారాయన. "అప్పటిదాకా అడగొద్దు."

నాలుగు వారాలయ్యాక పెద్దమ్మ డాబా ఎక్కింది. పిందెలు అప్పటికే పిడికెడు చొప్పున ఉన్నాయి. ఇంక పూత రాకుండా, బలమంతా కాయలకే పోయేలా, మావయ్యగారు మొక్కల కొసలన్నీ తుంచేసి, పక్క చిగుళ్లు గిల్లేసి ఉంచారు. పెద్ద కాయ కావాలనుకునేవాళ్లు చేసే పనే అది. పెద్దమ్మ మెచ్చుకుంది. రెండో గుత్తుల్లో పండ్లు ఎంచి ఎర్రదారాలు కట్టుకుంది. తర్వాత నెల రోజులకి పండ్లు ఎర్రబడ్డాయి. మొక్కలకి మాత్రం అడుగునుంచి ఆకుమచ్చ పట్టింది. చివరికొచ్చాయి, ఎలాగూ పీకేసేవే కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ఆదివారం మావయ్యగారి పండు ఏడువందల ముప్పై గ్రాములు తూగింది. బాగుందనుకున్నాం. పెద్దమ్మది పెట్టాను. తొమ్మిదివందల పన్నెండు. త్రాసు తప్పేమోనని తీసి మళ్లీ పెట్టాను. అదే అంకె.

పదేళ్లలో మొదటిసారి తూకం పెద్దమ్మది. ఆవిడ డాబా అంతా ఒకసారి తిరిగొచ్చి, మళ్లీ త్రాసు దగ్గర నిలబడింది. మావయ్యగారు ఓడిపోయినందుకు ఉడుక్కుంటారనుకుంటే, ఆయన మొహం పెద్దమ్మ మొహం కంటే వెలిగిపోతోంది. కోశాను. కోత కూడా పెద్దమ్మదే. అత్తయ్యగారు ముక్క నోట్లో పెట్టుకున్నారు. ఆవిడ ఇంకా కళ్లు మూసుకునే ఉన్నారు, మావయ్యగారు ఆగలేకపోయారు.

"ఇంక చెప్పేస్తాను చెల్లెమ్మా. ఆ పండు నీది కావచ్చు, పనితనం నాది." జేబులోంచి ఒక చిన్న బ్రష్షు తీశారు. నీటిరంగులు వేసుకునేది. "పూత రాలిపోతోంటే పొద్దున్నే వచ్చి ఒక్కో పువ్వులో దీన్ని తిప్పేవాణ్ని. పుప్పొడి బాగా అంటితే గింజ పడుతుంది, గింజ పడితే కాయ ఊరుతుంది. ఒక్క పువ్వు వదల్లేదు."

పెద్దమ్మ నవ్వుతూనే అడిగింది. "మావాటికొకటి, మీవాటికొకటా?"

"ఏది?"

"బ్రష్షు."

"ఒక్కటే. రెండెందుకు?"

"ముందు ఏ వైపు తిప్పేవారు?"

"మావైపు. అటే కదా ముందు ఎండ పడేది. అవయ్యాక మీ..."

ఆ మాట పూర్తికాలేదు. ఆయనకి అప్పుడే తట్టింది. నలభై ఏళ్లు మెషిన్లు విప్పి బిగించిన మనిషి, మొక్క సంగతి తెలియనివాడు కాదు. చేతిలో బ్రష్షు కేసి చూసుకుంటూ ఉండిపోయారు. నాకే ఏం అర్థం కాలేదు. "ఏమైంది? ఎవరైనా చెబుతారా?" అన్నాను.

పెద్దమ్మ కుర్చీలో కూర్చుని నెమ్మదిగా చెప్పింది. పండు కండ తల్లిది, దానికేం కాలేదు. గింజకి మాత్రం తండ్రి కూడా కావాలి. హైబ్రిడ్ పుప్పొడి తెచ్చి నాటు పువ్వులో పెడితే, లోపలి గింజ రెండిటికీ పుట్టింది. అది మొలిస్తే వచ్చేది అమ్మమ్మ టమాటా కాదు, ఏదొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఎర్రదారం కట్టిన ఆరు పండ్లూ ఆ బ్రష్షు తగిలినవే. బ్రష్షు తగలకముందు పూసిన పూలన్నీ ఎండకి రాలిపోయాయి. కొసలు తుంచేశాక కొత్త పువ్వు రాలేదు. పాత విత్తనం ఒక్కటి కూడా లేదు, పొట్లం మొత్తం నారు పోయడమే ఆవిడ అలవాటు.

"కొన్ని గింజలు మనవే అయ్యుండొచ్చు," అంది చివరికి. "టమాటా పువ్వు తన పని తనే చేసుకుంటుంది కూడా. కానీ ఏవి మనవో ఎలా చెప్పడం? అన్నీ ఒకేలా ఉంటాయి."

ఆ రోజు రుచి తీర్పు ఎవరూ అడగలేదు.

మావయ్యగారి మీద పెద్దమ్మ కేకలేస్తే బాగుండేది. "మంచికే చేశారు" అనేసి కిందకి వచ్చేసింది. ఆ వారం అంతా చూడాలి ఆవిడని. ఒక మగాయన కోటుకి ఎడమవైపు ఉండాల్సిన కాజాలు కుడివైపు కుట్టేసింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆవిడ ఎన్నడూ చేయని తప్పు. కుట్లు విప్పుతూ ఏడ్చిందని దుకాణంలో అమ్మాయి నాకు ఫోన్ చేసి చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. టమాటా గురించి నాకు ఏడుపు రావడమేమిటని కోపం కూడా వచ్చింది.

"అమ్మ ఫోటో మనింట్లో ఒక్కటే ఉంది," అంది పెద్దమ్మ ఒక సాయంత్రం అన్నం తింటూ. "అందులో మొహం సరిగ్గా కనబడదు. గొంతు గుర్తుచేసుకుందామంటే రావడం లేదు. ఏడాదికోసారి ఆ పండు నోట్లో పెట్టుకుంటే, పక్కనే కూర్చుని 'ఇంకో ముక్క తిను' అంటున్నట్టుండేది. అంతేనే నాకున్నది."

మంచినీళ్లు అందించాను.

మావయ్యగారు మొక్కల కాండాలు కోసి నీళ్లలో పెట్టి చూశారు, కొత్త చిగురొస్తే దాన్నుంచి మొక్క కట్టొచ్చని. తెగులు అప్పటికే పైదాకా పాకింది, కాండాలన్నీ కుళ్లిపోయాయి. తర్వాత ఫోన్‌లో ఫోటో పెట్టుకుని ఊళ్లో ఉన్న విత్తనాల దుకాణాలన్నీ తిరిగారు. నాలుగో రోజున ఒక ప్యాకెట్ తెచ్చి గుమ్మంలో నిలబడ్డారు. బొమ్మ మీద నొక్కుల టమాటా. పెద్దమ్మ కొత్త కన్నుతో చాలాసేపు చూసింది. "ఆకారం అదే అన్నయ్యగారూ. అది కాదు." ఆయన ఆ ప్యాకెట్ పట్టుకుని మెట్లెక్కుతుంటే వెనకనుంచి చూసి, లిఫ్టు జోకు వేయబుద్ధి కాలేదు నాకు.

మరుసటి ఆదివారం పొద్దున్న పదింటికి అత్తయ్యగారు మా ఇంటికొచ్చారు. చేతిలో ఆవిడ రోజూ క్లినిక్‌కి తీసుకెళ్లే టిఫిన్ డబ్బా. వెనకాల మావయ్యగారు, రానంటే బలవంతంగా లాక్కొచ్చినట్టున్నారు, చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోలేదు. అత్తయ్యగారు మాత్రం తేలు కుట్టిన దొంగలా ఉన్నారు. ఎప్పుడూ నిమ్మకు నీరెత్తినట్టుండే మనిషి, డబ్బా మూత తీయడానికి రెండుసార్లు ప్రయత్నించారు.

లోపల ఒక టమాటా ఉంది. నొక్కులు నొక్కులుగా, మెడ దగ్గర పచ్చగా.

పెద్దమ్మ దాన్ని అరచేతిలోకి తీసుకుంది. తలకిందులు చేసి బొడ్డు చూసింది. కాడ దగ్గర వాసన చూసింది. గుడ్డ నాణ్యం చూసినట్టు బొటనవేలితో నొక్కుల మీద రాసింది. ఆ వేలు ఒకచోట ఆగిపోయింది.

"ఇది మాదే," అంది.

"మీదే వదినగారూ," అన్నారు అత్తయ్యగారు. "మా క్లినిక్ వెనకాల కాసింది. ఏడేళ్లుగా కాస్తోంది."

ఆ తర్వాత అంతా ఆవిడే చెప్పారు. అంత పొడుగ్గా ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. తూకం ఆదివారాలప్పుడు ప్లేట్లు కడగడానికి కిందకి తీసుకెళ్లేది ఆవిడే. పెద్దమ్మ ఎంత ఒడుపుగా గింజలు తీసినా, కోసిన ప్లేటుకి పది పన్నెండు అంటుకునే ఉంటాయి. ఏడేళ్ల కిందట ఒకసారి వాటిని కడగబోయి ఆగిపోయారట. వేలితో తీసి, కాగితానికి రాసి, పర్సులో పెట్టుకున్నారు. క్లినిక్ వెనకాల రెండు కుండీలు పెట్టారు. ప్రతి ఏడూ రెండు మొక్కలు. మధ్యాహ్నం భోజనం వేళ ఉప్పు వేసుకుని అక్కడే నిలబడి తినేవారు. పెద్దమ్మ తీసినట్టే పులియబెట్టి మళ్లీ గింజలు దాచుకునేవారు.

"నువ్వు టమాటాలు పెంచుతున్నావా?" అన్నారు మావయ్యగారు. ఆయన నోరు వెళ్లబెట్టి వింటున్నారు అప్పటిదాకా. "నాటువి? నాకు తెలియకుండా? మరి ప్రతి ఏడూ నా పండే బాగుందని..."

"మీ మొహం చూస్తూ ఇంకేం చెప్పమంటారు? పొద్దున్న ఐదింటికి లేచి వాటికి నీళ్లు పోసి, రాత్రి పడుకునే ముందు కూడా టార్చి వేసి చూసొచ్చే మనిషికి, మీది చప్పగా ఉందని చెప్పనా?"

"ఎన్నిసార్లు అలా చెప్పావు?"

"అన్నిసార్లూ."

మావయ్యగారు సోఫాలో కూలబడ్డారు. చప్పగా అనే మాట ఆయనకి బాగా తగిలినట్టుంది, పెదాలు కదుపుతూ తనలో తను ఒకసారి అనుకున్నారు. తర్వాత చెయ్యి చాచి, "ఒక ముక్క కొయ్యమ్మా," అన్నారు నాతో. కోసి ఇచ్చాను. నమిలారు. పోటీ లేకుండా, పక్కన తన పండు లేకుండా, ఆయన దాన్ని తినడం అదే మొదటిసారి అనుకుంటాను. రెండో ముక్క అడిగి తీసుకున్నారు. "ఈ ఒక్క ఏడు తప్ప తూకంలో మాత్రం మాదే," అన్నారు కాసేపటికి, బింకంగా. అందరికంటే ముందు నవ్వింది అత్తయ్యగారు.

పెద్దమ్మ ఇంకా నవ్వలేదు. "ఆ చుట్టుపక్కల వేరే టమాటాలున్నాయా వదినగారూ?" అని అడిగింది.

"గోడా, స్కూటర్లూ, ఖాళీ గ్యాస్ సిలిండర్లూ. మొక్కన్నది ఇంకోటి లేదు."

"బ్రష్షు?"

"పళ్లు తోమే బ్రష్షులే ఉన్నాయి, అవీ లోపల అలమారలో."

అప్పుడు పెద్దమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకోబోయింది. ఆపరేషన్ అయిన కన్ను నలపకూడదని నేను చెయ్యి పట్టుకున్నాను. ఆ నవ్వులోనే కోపం కూడా వచ్చేసింది ఆవిడకి. ముక్కు మీదే ఉంటుంది అది.

"ఏడేళ్లు. ఇంట్లో మనిషిలా తిరుగుతూ ఏడేళ్లు దాచారు. నన్ను అడగొచ్చు కదా?"

"అడిగాను," అన్నారు అత్తయ్యగారు. "మూడుసార్లు. ఒకసారి మీరు వర్షం గురించి మాట్లాడారు. ఒకసారి నా జాకెట్టు చేతులు బిగుతయ్యాయన్నారు. మూడోసారి వినబడనట్టు లోపలికి వెళ్లిపోయారు."

పెద్దమ్మ తల దించుకుంది. నేను ఆవిడ దగ్గర పదకొండేళ్లుగా ఉంటున్నాను. దుకాణం ఓనరుతో, డాక్టరుతో, ఇంటివాళ్లతో, నాతో, ఎవరితోనైనా మాటకి మాట అప్పజెప్పే మనిషి అలా కూర్చోవడం చూడలేదు. నాకు జాలేసింది. ఇంకోపక్క, మొలకలు పీకేసిన రోజులన్నీ గుర్తొచ్చి, బాగా అయింది అని కూడా అనిపించింది. రెండూ ఒకేసారి అనిపించాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి.

"అడిగారు," అంది చివరికి. "గుర్తుంది నాకు."

అత్తయ్యగారు పర్సులోంచి చిన్న ప్లాస్టిక్ సీసా తీశారు. క్లినిక్‌లో కట్టుడు పన్ను వేసి ఇచ్చే రకం. అందులో అడుగున గింజలున్నాయి, లేతరంగువి, సన్నని నూగుతో. బల్ల మీద పెద్దమ్మ ముందు పెట్టారు. "తీసుకోండి. మీవే కదా."

పెద్దమ్మ ముట్టుకోలేదు.

"మావి కావు వదినగారూ. మావి నేను పోగొట్టుకున్నాను. ఇవి మీరు దాచినవి." తర్వాతి మాట ఆవిడ నోట రావడానికి ఎంత కష్టపడిందో పక్కన కూర్చున్నదాన్ని, నాకు తెలుసు. "నాకో పది గింజలు పెడతారా?"

అడిగి, కుట్టు కుట్టి కుట్టి గట్టిపడిన ఆ చెయ్యి చాపింది.

అత్తయ్యగారు సీసా మూత తీసి, పెద్దమ్మ అరచేతిలోకి మొత్తం ఒంపేశారు. ఒక్క గింజ కూడా ఉంచుకోలేదు. పెద్దమ్మ చేతిలో గింజలనీ ఖాళీ సీసానీ మార్చి మార్చి చూసింది. బల్ల మీద ఒక కాగితం పరిచి వాటిని పోసింది. కాజా కొలిచేటప్పటి శ్రద్ధతో, చూపుడువేలితో సరిగ్గా సగానికి విడదీసి రెండు కుప్పలు చేసింది. ఒక కుప్పని కాగితం మడతలోంచి తిరిగి సీసాలోకి జార్చి, మూత బిగించి, అత్తయ్యగారి చేతిలో పెట్టింది.

"ఇవి మీ దగ్గరే ఉండాలి వదినగారూ," అంది. "నా ఒక్కదాని దగ్గరే ఉంటే పోతాయి."